పల్లేరు నుంచి పాచి దాకా: ఉద్దానం ఖాళీ జాగాల వృక్షలోకం

శ్రీకాకుళం జిల్లాకు ఈశాన్య కొసన, ఒడిశా సరిహద్దుకు చేరువలో ఉన్న డొంకూరు నుంచి దక్షిణానికి సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మీదుగా పలాస దాకా పరచుకున్న ఉద్దానం పేరు చెప్పగానే కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు మనసులో మెదలడం సహజమే గాని, ఆ తోటల కంచె దాటాక ఊరికీ రోడ్డుకూ, రోడ్డుకూ రైలుకట్టకూ, పాత ఇంటికీ కొత్త ఇంటికీ నడుమ మిగిలిపోయిన నేల మీద పెరిగే మొక్కల ఊసు ఎవరూ ఎత్తరు. మధ్యలో ఆగిపోయిన ఇళ్ళ పునాదులు, అమ్ముడుపోక పడి ఉన్న ప్లాట్లు, జీడిపిక్కల ఫ్యాక్టరీల వెనక గోడలు, రైల్వే స్టేషన్ల చుట్టుపట్లు, మురుగుకాలవల గట్లు, వాడకం మానేసిన నూతుల ఒరలు, పెంటకుప్పల అంచులు, తుపానుకు కూలి తిరిగి లేవని ప్రహరీలు, ఇవన్నీ రెవెన్యూ కాగితాల్లో ఏ పేరుతో ఉన్నా జనం నోట ఖాళీ జాగాలే. తోటలో మనిషి కోరుకున్న రెండు మూడు రకాల చెట్లకే ప్రవేశం ఉంటుంది గాని, ఇటువంటి జాగాలో ఏది మొలవాలో, ఏది నిలవాలో నేల, నీరు, ఎండ, తొక్కిడి కలిసి నిర్ణయిస్తాయి. అందువల్ల అక్కడ ఏ మొక్క పెరుగుతోందో గుర్తుపట్టగలిగినవారు ఆ నేలను ఇంతకు ముందు తవ్వారో కాల్చారో, దాని మీద పేడ పడిందో సున్నం పడిందో, ఉప్పునీరు ఎక్కిందో లేదో చాలావరకు చెప్పగలుగుతారు.

నేలను తవ్వడం, కాల్చడం, తొక్కడం, మట్టితో కప్పేయడం వంటి పనులన్నిటినీ జీవావరణ శాస్త్రంలో కలిపి ‘అలజడి’ అంటారు. అలజడి తరచుగా జరిగే చోట నింపాదిగా ఎదిగే చెట్లు నిలదొక్కుకోలేవు; మొలిచిన కొద్ది వారాల్లోనే పూసి, కాసి, లెక్కకు మించిన గింజలు రాల్చి చనిపోయే ఏకవార్షికాలకే, అంటే ఒక్క ఋతువులో బతుకు ముగించుకునే మొక్కలకే, అక్కడ లాభం. వాటి గింజలు మట్టి పొరల్లో ఏళ్ళ తరబడి నిద్రావస్థలో ఉండగలవు గనుక, ఒక పలుగు దెబ్బతో మట్టి తిరగబడి గింజకు వెలుతురు తగలగానే, ఎవరూ చల్లకుండానే కొత్త పంట మొలుస్తుంది. పునాది తవ్వి పోసిన మట్టి దిబ్బ మీద మొదటి వానకే గడ్డిచామంతి, కుక్కవామింట, వయ్యారిభామ లేవడానికి కారణం ఇదే. అదే దిబ్బను మూడు నాలుగేళ్ళు ఎవరూ ముట్టుకోకపోతే జిల్లేడు, రేగు, వావిలి, సర్కారు తుమ్మ వంటి పొదలు పైచేయి సాధించి, ముందు వచ్చినవాటిని నీడపట్టున మాడ్చేస్తాయి.

ఇక నేల లక్షణాన్ని బట్టి మొక్కల పంపకం ఇంతకన్నా స్పష్టంగా కనిపిస్తుంది. పశువులను కట్టిన తావుల్లోనూ పెంటకుప్పల పక్కనా నత్రజని పుష్కలంగా ఉంటుంది కాబట్టి ముళ్ళతోటకూర, ఉమ్మెత్త, ఆముదం అక్కడ ఏపుగా పెరుగుతాయి. రోజూ జనం నడిచే అడ్డదారి మీద నిటారుగా పెరిగేవి బతకలేవు గనుక నేలనంటి పాకే గరిక, గంగపాయలి, అటికమామిడి మిగులుతాయి. మురుగుకాలవ గట్టున గుంటగలగర, పొన్నగంటి కనిపిస్తే ఎండాకాలంలో కూడా ఆ మట్టి లోపల తడి ఆరదని అర్థం. ఇసుక పాలు ఎక్కువైన బీద నేలలో వెంపలి నిలుస్తుంది. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ మొక్క వేళ్ళ బుడిపెల్లో బాక్టీరియాకు చోటిచ్చి, గాలిలోని నత్రజనిని తనకు అందేలా చేసుకుంటుంది కనుక ఇతర మొక్కలకు చాలని నేల దీనికి చాలుతుంది.

ఈ మొక్కలను తెలుగువారు పనికిరానివిగా ఎన్నడూ చూడలేదనడానికి వినాయక చవితి పూజలోని ఇరవై ఒక్క పత్రే సాక్ష్యం. గరిక, ఉమ్మెత్త, జిల్లేడు, ఉత్తరేణి, వాకుడు, రేగు, వావిలి, విష్ణుక్రాంతం వంటివి పూలతోటలో పెంచేవి కావు. డొంకల వెంబడి, చెరువుగట్ల మీద, ఊరి బయటి బీడుల్లో కోసుకు రావలసినవే. రథసప్తమినాడు అరసవల్లి సూర్యదేవుణ్ణి తలచుకుని తల మీద జిల్లేడాకులు, రేగుపళ్ళు పెట్టుకుని స్నానం చేసే ఆచారానికి కావలసిన సామగ్రి కూడా ఖాళీ జాగాలోనే దొరుకుతుంది. పత్రి కోసుకురమ్మని పిల్లలను బయటికి పంపిన రోజుల్లో ఏ ఆకు ఏ మొక్కదో తెలుసుకోక తప్పేది కాదు. ఇప్పుడు బజారులో కట్ట కట్టి అమ్ముతున్న పత్రిలో చేతికందిన ఆకులన్నీ చేరిపోతున్నాయి గనుక పూజ జరుగుతోంది గాని పాఠం జరగడం లేదు.

డొంకూరు వంటి మత్స్యకార గ్రామాల దగ్గర ఖాళీ నేల స్వభావమే వేరు. అక్కడి ఇసుక గాలికి కదులుతుంది, నీటిని నిలుపుకోదు, పైగా సముద్రపు తుంపర వల్ల ఉప్పు నిరంతరం పడుతూ ఉంటుంది. ఈ మూడింటినీ తట్టుకుని రెండు మొక్కలు ముందు వరుసలో నిలుస్తాయి. ఊదారంగు పూలు పూసే బాలబండి తీగ కణుపు కణుపుకూ వేళ్ళూనుతూ ఇసుకను పట్టి ఉంచుతుంది. దాని గింజలు ఉప్పునీటిలో తేలుతూ దూరతీరాలకు వెళ్ళి మొలవగలవు కాబట్టే ప్రపంచంలోని ఉష్ణమండల తీరాలన్నిటా ఇదే తీగ కనిపిస్తుంది. దాని పక్కనే సూదుల్లాంటి ఆకులతో గుబురుగా పెరిగేది రావణాసురుడి మీసాలు అనే గడ్డి. ఎండిన తరవాత దాని గుండ్రని గింజల బంతి కాడ నుంచి ఊడి, గాలికి ఇసుక మీద దొర్లుకుంటూ పోతూ గింజలు వెదజల్లుతుంది. ఇవి ఇసుకను నిలబెట్టిన తరవాతే వెనక వరుసలో మొగలి పొదలకూ సరుగుడు తోపులకూ తావు ఏర్పడుతుంది. వలలు ఆరబెట్టుకోవడానికో రిసార్టు కట్టడానికో ఈ తీగను, గడ్డిని పీకి చదును చేసిన చోట ఇసుక మళ్ళీ కదలడం మొదలుపెడుతుంది. దక్షిణాన నౌపడ ఉప్పుమడుల గట్ల మీద పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ కండగల ఆకుల్లో నీరు దాచుకుని, ఉప్పును కణాల్లోనే ఒక మూలకు నెట్టి బతికే స్వీడా, సెసూవియం జాతులు మాత్రమే రాజ్యం చేస్తాయి.

ఉప్పు ఉన్న చోట దాదాపుగా కనిపించని మొక్కల వర్గం ఒకటి ఉంది, అదే మాస్. గోడ మీది ఆకుపచ్చదనాన్ని అంతటినీ జనం పాచి అనో నాచు అనో ఒక్క మాటలో తేల్చేస్తారు గాని, అందులో కనీసం మూడు వేరువేరు వర్గాల జీవులు కలిసి ఉంటాయి. చేత్తో రాస్తే జిగటగా అంటుకుని, కాలు వేస్తే జారేలా చేసే పాకుడు శైవలాలది, నీలి ఆకుపచ్చ బాక్టీరియాది. వానాకాలంలో నేల మీద ముదురాకుపచ్చ జెల్లీలా ఉబ్బే నాస్టాక్, పాత గోడలను నల్లబరిచే పొర కూడా ఈ కోవలోవే. బూడిద రంగులోనో లేత పసుపులోనో రాయికి అతుక్కుపోయి, గోరుతో గీకినా రాని మచ్చ లైకెన్, అంటే ఒక శిలీంధ్రమూ ఒక శైవలమూ కలిసి చేసే ఉమ్మడి కాపురం. చిన్న చిన్న ఆకులతో, పొట్టి కాండాలతో, దగ్గరగా చూస్తే బుల్లి అడవిలా కనిపించే మెత్తలు మాత్రమే మాస్ మొక్కలు. ప్రపంచంలో సుమారు 12,000 మాస్ జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటి దాయాదులైన లివర్‌వర్టులు, హార్న్‌వర్టులను కలుపుకుంటే బ్రయోఫైటా అనే ఈ సమూహంలో సుమారు 20,000 జాతులు ఉన్నాయి.

మాస్ మొక్కకు నిజమైన వేళ్ళు లేవు, నీటిని పైకి మోసే దారువు వంటి నాళాలు లేవు, పువ్వు లేదు, గింజ లేదు. మూలతంతువులు అనే సన్నని పోగులు దాన్ని గోడకు పట్టి ఉంచుతాయే తప్ప గోడను చీల్చలేవు. ఆ పని చేసేది పిట్ట రెట్టలోంచి పడి మొలిచిన రావి మొక్క. నీరు, ఖనిజాలు అన్నీ ఆకుల ఉపరితలం నుంచే లోపలికి వెళతాయి. ఆ ఆకు చాలా మాస్ జాతుల్లో ఒక్క కణం మందం మాత్రమే ఉంటుంది, నీటి నష్టాన్ని ఆపే మైనపు పూత కూడా నామమాత్రమే. పెద్ద మొక్కలు లోపలి తడిని కాపాడుకోవడానికి ఇంత యాతన పడుతుంటే, మాస్ మొక్క ఆ ప్రయత్నమే మానుకుని, గాలి ఎండితే తానూ ఎండి, కిరణజన్య సంయోగక్రియతో సహా ప్రాణవ్యాపారాలన్నిటినీ దాదాపుగా నిలిపివేసి, మళ్ళీ తడి తగిలిన కొద్ది నిమిషాలకే పచ్చబడి పని మొదలుపెడుతుంది. రోహిణి కార్తె ఎండలకు నల్లగా మాడి చచ్చిపోయినట్టు కనిపించిన గోడ తొలకరి జల్లుకు ఒక్క పూటలో ఆకుపచ్చగా మారడంలోని రహస్యం కొత్త మొక్కలు పుట్టడం కాదు, పాతవి మేలుకోవడం.

భారతదేశపు మైదాన ప్రాంతాల గోడల మీద అతి సాధారణంగా కనిపించే మాస్‌లలో హయోఫిలా ఇన్వొల్యూటా ముఖ్యమైనది. నాలుక ఆకారంలో ఉండే దీని ఆకులు తడిసినప్పుడు విప్పారి నక్షత్రాల్లా పరచుకుంటాయి, ఎండినప్పుడు అంచులు లోపలికి తిరిగి, శ్రీకాకుళం పల్లెల్లో పెద్దవాళ్ళు కాల్చే పొగాకు చుట్టలా మెలితిరుగుతాయి. సిమెంటు గోడ, సున్నపు గచ్చు, ఇటుకల కట్టడం, నూతి ఒర దీనికి ఇష్టమైన తావులు; సున్నం వల్ల కలిగే క్షారగుణం చాలా మొక్కలకు గిట్టదు గాని దీనికీ, దీనికి చుట్టమైన బార్బులాకూ అదే కలిసొస్తుంది. పల్లె ఇళ్ళు మట్టిగోడల నుంచి సిమెంటుకు మారినకొద్దీ ఈ మాస్‌లకు నివాసం పెరిగిందే తప్ప తరగలేదు. నడవాలో, కాలిబాట బండల సందుల్లో చిక్కగా, కొంచెం వెండి మెరుపుతో కనిపించే మెత్త ఇంకొకటి ఉంది. బ్రయమ్ అర్జెంటియం అనే ఈ జాతి ఆకు కొసల్లో పత్రహరితం ఉండదు కాబట్టి ఆ మెరుపు వస్తుంది. మహానగరాల కాలిబాటల నుంచి అంటార్కిటికా దాకా విస్తరించిన మొక్కలు చాలా కొద్ది, వాటిలో ఇది ఒకటి. మూడవది ఫ్యునేరియా, ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రం చదివినవారికి పరిచయమున్న పేరే. చలి తావుల్లో ఎక్కువగా దొరికే ఈ మాస్‌కు కాల్చిన నేల మీద ముందుగా వచ్చే గుణం ఉంది కనుక, పలాస చుట్టుపక్కల చెత్త తగలబెట్టిన చోట్లనూ పొయ్యిల బూడిద పారబోసే తడి మూలలనూ శీతకాలంలో ఒకసారి పరికించడం వృథా కాదు.

ఉద్దానంలో మాస్ కోసం గోడల తరవాత చూడవలసినవి కొబ్బరి మానులే. ఉష్ణమండల తీరాల్లో తాటి, కొబ్బరి జాతుల మానుల మీద ఆక్టోబ్లెఫారమ్ ఆల్బిడమ్, కాలింపెరిస్ అనే మాస్‌లు పెరుగుతాయి. మొదటిదాని ఆకు మందంగా ఉండి, నీరు నింపుకునే ఖాళీ కణాల పొరల మధ్య పచ్చని కణాల పొర ఒకటి ఇమిడి ఉంటుంది గనుక ఎండినప్పుడు తెల్లగా పాలిపోయి దూరం నుంచే ఆనవాలు పడుతుంది. రెండవది ఆకు కొసన గుత్తులు గుత్తులుగా జెమ్మాలను, అంటే రాలిన చోటల్లా కొత్త మొక్కగా ఎదగగల కణాల ముద్దలను, మోస్తుంది.

మాస్ ఎప్పుడూ ఉత్తరం వైపే పెరుగుతుందనే మాట స్కౌటు శిక్షణలోనూ సాహసకథల్లోనూ వినిపిస్తుంది. అది పుట్టింది ఐరోపా వంటి ఎత్తైన అక్షాంశాల్లో. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణాకాశంలోనే ఉంటాడు. పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాలు దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల మే నెల మధ్య నుంచి జూలై నెలాఖరు దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా నడుస్తాడు, అంటే ఆ రోజుల్లో ఎండ పడేది ఉత్తరపు గోడ మీదే. మబ్బు కమ్మిన ఆషాఢంలో ఆ ఎండ ప్రభావం తగ్గవచ్చు, శీతకాలంలో ఉత్తరపు గోడకు నీడ దొరకడమూ నిజమే. అయినా ఇక్కడ దిక్కు కన్నా తడి ఎక్కడ నిలుస్తుందన్నదే గట్టి ఆధారం. కారుతున్న కుళాయి కింద, చూరునీళ్ళు చిమ్మే పునాది అంచున, వాన జల్లు కొట్టే వైపు, వంగిన కొబ్బరి మాను మీద నీరు జారే పక్కన వెతికితే దిక్సూచి అవసరం ఉండదు.

మాస్ సంతానం పొందే తీరు కూడా తడి మీదే ఆధారపడి ఉంది. మనకు కనిపించే ఆకుల మొక్క సంయోగబీజదం, అంటే స్త్రీ పురుష బీజకణాలను తయారుచేసే తరం. పురుష కణం ఈదుకుంటూ స్త్రీ కణాన్ని చేరాలి గనుక రెంటి నడుమ సన్నని నీటి పొర అయినా ఉండాలి. కలయిక తరవాత తల్లిమొక్క నెత్తిన సన్నని కాడ, దాని చివర గుళిక లేస్తాయి. ఇది సిద్ధబీజదం అనే రెండవ తరం, తిండికి చాలావరకు తల్లి మీదే ఆధారపడుతుంది. గుళిక పండి మూత ఊడితే ధూళి వంటి సిద్ధబీజాలు గాలిలో కలుస్తాయి. నీటి పొర మీదే భారం వేయకుండా ఇంకో దారి కూడా ఉందని 2006లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగంతో చూపారు. పైన చెప్పిన వెండి మాస్‌నే తీసుకుని, స్త్రీ పురుష మెత్తలను దూరదూరంగా ఉంచి, మధ్యలో మట్టిలో తిరిగే అతిచిన్న స్ప్రింగ్‌టెయిల్ పురుగులను, మైట్లను వదిలినప్పుడు అవి పురుష కణాలను అటునుంచి ఇటు చేరవేశాయి. తేనెటీగ పువ్వుకు చేసే సేవ వంటిది పువ్వులు పుట్టక ముందే ఈ భూమి మీద ఉండి ఉండవచ్చనే ఊహకు ఆ ప్రయోగం బలమిచ్చింది.

గోడ మీద మాస్ కుదురుకున్న తరవాత దాని మెత్తలో దుమ్ము చిక్కుకుని, తడి నిలిచి, పలచని మట్టి పొర తయారవుతుంది. అప్పుడు పులిచింత, నేల ఉసిరి, కుప్పింట వంటి చిన్న మొక్కలకూ, నూతుల ఒరల లోపలి వైపు ఫెర్న్‌లకూ తావు దొరుకుతుంది. సున్నపు గోడల సందుల్లో రెండు వైపులా పొడవాటి రెమ్మలు పరచుకుని పెరిగే ఫెర్న్ టెరిస్ విట్టాటా అయితే దాన్ని మామూలు కలుపుగా తీసిపారేయకూడదు. నేలలోని ఆర్సెనిక్ విషాన్ని పీల్చి ఆకుల్లో కూడబెట్టుకునే శక్తి దానికి ఉందని 2001లో అమెరికాలోని ఫ్లోరిడాలో కనుగొన్నారు. గోడల మీది మొక్కలను లెక్కించే పని కొత్తది కాదు. రోమ్ నగరంలోని కొలోసియం శిథిలాల మీద పెరిగిన 420 జాతులను వర్ణిస్తూ రిచర్డ్ డీకిన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1855లో ఒక పుస్తకమే రాశాడు. ఆ తరవాత పురావస్తు శాఖవారు కట్టడాన్ని శుభ్రం చేయడంతో వాటిలో చాలా మొక్కలు కనుమరుగయ్యాయి.

తెలుగు తీరపు మొక్కలకు కూడా ఇటువంటి పద్దులు ఉన్నాయి. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి మొక్కలను చిత్రకారుల చేత గీయించి, స్థానికుల నోట విన్న తెలుగు పేర్లను వాటి పక్కన రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద మూడు సంపుటాలుగా ఆయన చేసిన గ్రంథం 1795, 1820 సంవత్సరాల మధ్య వెలువడింది. ఉత్తర సర్కారులకు కమిషనరుగా ఉన్న వాల్టర్ ఎలియట్ 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ పేరుతో ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో సాధారణంగా కనిపించే మొక్కల తెలుగు పేర్లను, శాస్త్రీయ నామాలను జతచేసి జాబితాగా అచ్చు వేయించాడు. ఇప్పుడు డొంకూరు, పలాస, టెక్కలి ఉన్న భాగం 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేది కనుక, 1915లో వృక్షశాస్త్రజ్ఞుడు గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు రాజధాని వృక్షజాల గ్రంథంలో ఈ ప్రాంతపు మొక్కల్ని గంజాం పేరు కింద వెతుక్కోవాలి. శ్రీకాకుళం జిల్లాకే ప్రత్యేకించిన వృక్షజాల గ్రంథాన్ని ఆర్.ఎస్. రావు, ఎస్.హెచ్. శ్రీరాములు 1986లో ప్రచురించారు. ఈ పుస్తకాలు ప్రధానంగా పూచే మొక్కలవి. మాస్‌ల విషయానికి వస్తే, కలకత్తాలో హెచ్.సి. గంగూలీ 1969 నుంచి 1980 దాకా భాగాలు భాగాలుగా వెలువరించిన తూర్పు భారత మాస్‌ల గ్రంథం ఇప్పటికీ చేతిలో ఉండవలసిన ఆధారం. రాజమందిరాలకు, యుద్ధాలకు దొరికినంత శ్రద్ధ గోడ మీది ఈ మెత్తలకు దొరకకపోవడం ఆశ్చర్యమేమీ కాదు గాని, భూతద్దం తప్ప ఖర్చేమీ లేని ఈ పని జిల్లాలోని డిగ్రీ కళాశాలల వృక్షశాస్త్ర విద్యార్థులకు ప్రాజెక్టుగా ఎందుకు దక్కడం లేదన్నది అడగదగిన ప్రశ్న.

ఖాళీ జాగాలో పెరిగేవన్నీ ఈ మట్టిలో పుట్టినవి కావు. ఇంటింటా చిన్న గాయానికి రసం పిండే గడ్డిచామంతి మధ్య అమెరికా నుంచి వచ్చింది. ప్రతి గింజకూ ఉన్న నూగు గొడుగే దాని ప్రయాణ సాధనం. బ్రహ్మదండి మెక్సికోది. వయ్యారిభామ అనే పార్థీనియం 1956లో పూణే దగ్గర గుర్తింపుకు వచ్చి, కొన్ని దశాబ్దాల్లోనే దేశమంతా కమ్మేసింది. అమెరికా నుంచి దిగుమతి అయిన గోధుమలతో వచ్చిందన్న కథ జనంలో స్థిరపడింది, కాంగ్రెస్ గడ్డి అనే పేరూ నిలిచిపోయింది. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లో దేశంలోకి తెచ్చి వదిలినా మొక్క లొంగలేదు. పరాయి మొక్కల మీద కోపం ప్రకటించే ముందు ఉద్దానం వాసులు గుర్తుంచుకోవలసిన సంగతి, పలాసకు పేరు తెచ్చిన జీడిమామిడి కూడా పోర్చుగీసు వారి వెంట బ్రెజిల్ నుంచి వచ్చిన అతిథే. మొక్కకు చిరునామా కన్నా నడవడి ముఖ్యమన్నమాట.

ఇటువంటి రాకపోకలకు రైలుకట్ట రాజమార్గం. హౌరా, చెన్నైలను కలిపే ప్రధాన మార్గం పలాస మీదుగా పోతుంది. నౌపడ నుంచి పర్లాకిమిడి వైపు 1900లో వేసిన చిన్న రైలు మార్గం ఈ శతాబ్దంలో బ్రాడ్‌గేజ్‌గా మారింది. కట్ట మీద పరిచిన కంకరకు నీరు నిలవదు, ఎండ మండుతుంది, పోటీకి పెద్ద చెట్లు ఉండవు. గూడ్సు పెట్టెల నుంచి రాలే ధాన్యం, బయటి నుంచి తెచ్చిన మట్టి, కంకర వెంట గింజలూ దిగుతాయి. ఇంగ్లండులో దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతం ఉంది. ఇటలీలోని సిసిలీ ద్వీపం నుంచి ఆక్స్‌ఫర్డ్ వృక్షోద్యానానికి తెచ్చిన ఒక పసుపు పూల మొక్క తోటగోడ దాటి, పందొమ్మిదవ శతాబ్దంలో రైలుమార్గం రాగానే దాని కంకరను తన స్వస్థలపు అగ్నిపర్వత శిలల్లాంటి తావుగా చేసుకుని, దేశమంతా పాకింది. నౌపడ జంక్షను దగ్గర కట్ట వెంబడి ఏ మొక్క ఎన్నడు మొదటిసారి కనిపించిందో ఎవరైనా పద్దు రాసి ఉంటే, ఈపాటికి ఇటువంటి కథ ఇక్కడిది కూడా చెప్పుకోగలిగేవారం.

మనిషి చేసే అలజడిని మించినది తుపాను చేసేది. 2018 అక్టోబరు 11న పలాసకు సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లను పెద్దయెత్తున నేలకూల్చింది. తోట మీది కప్పు ఒక్క రాత్రిలో లేచిపోవడంతో ఏళ్ళుగా నీడలో ఉన్న నేల మీద నేరుగా ఎండ పడింది. అటువంటి చోట నీడను ఇష్టపడేవి వెనక్కి తగ్గి, వెలుతురు కోరే కలుపు మొక్కలు ముందుకు వస్తాయి. పడిపోయిన మాను మీది మాస్‌కు కూడా అదే గతి. నిలువు మాను మీద జారే నీటికి అలవాటు పడినది, అడ్డంగా పడి కుళ్ళే దుంగ మీద నిలవలేక, కుళ్ళును ఇష్టపడే వేరే జాతులకు తావు వదులుతుంది. నష్టపరిహారం లెక్కల్లోకి రాని ఈ మార్పు, రైతు కొత్త మొక్క నాటి, అది మళ్ళీ నీడ పట్టేదాకా చాలా ఏళ్ళు కొనసాగుతుంది.

మూత్రపిండాల వ్యాధి ఇన్నేళ్ళుగా పీడిస్తున్న ప్రాంతం కనుక ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. అటికమామిడి, నేల ఉసిరి వంటి మొక్కలు మూత్రసంబంధ రోగాలకు మందని సంప్రదాయ వైద్యంలో పేరు ఉన్నంత మాత్రాన, దెబ్బతిన్న కిడ్నీకి ఖాళీ జాగాలోని ఆకుపసరు వైద్యం కాదు. వైద్యుడికి చెప్పకుండా తాగే కషాయం మేలు కన్నా కీడే చేయవచ్చు. గాడిదగడపాకు వంటి మొక్కలున్న అరిస్టొలోకియా ప్రజాతిలోని ఆమ్లం మూత్రపిండాలను నాశనం చేస్తుందని 1990లలో బెల్జియంలో బరువు తగ్గే మందులు వాడినవారి విషయంలో నిర్ధారణ అయింది. ఆవగింజల్లో బ్రహ్మదండి గింజలు కలిస్తే ఆ నూనె ప్రాణాంతకం. 1998లో ఢిల్లీలో అరవై మందికి పైగా చనిపోయింది అటువంటి నూనె వల్లనే. తినదగిన ఆకుకూరల విషయంలోనూ తావు ముఖ్యం, ఎందుకంటే మురుగుకాలవ గట్టునో బ్యాటరీలు, రంగుడబ్బాలు పారేసే చోటనో పెరిగిన తోటకూర ఆ నేలలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చుకుంటుంది.

ఈ పీల్చుకునే గుణమే మాస్‌ను కొలపరికరంగా మార్చింది. వేళ్ళు లేనందున దానికి అందేది చాలావరకు గాలి నుంచి, వాన నుంచి వచ్చేదే. అందువల్ల దాని ఆకుల్లో పేరుకున్న లోహాలను కొలిస్తే ఆ చోటి గాలి నాణ్యత తెలుస్తుంది. 1960ల చివర్లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని మొదలుపెట్టారు. 2013లో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో అటవీ శాఖ పరిశోధకులు చెట్ల మానుల మీది మాస్‌ను 346 చోట్ల సేకరించి పరీక్షించగా, రంగుటద్దాల కర్మాగారాల చుట్టుపక్కల కాడ్మియం ఎక్కువగా ఉన్నట్టు బయటపడి, 2016లో ఆ సంగతి పెద్ద చర్చకు దారితీసింది. అప్పటిదాకా నగరంలో పెట్టిన ఖరీదైన యంత్రాలు ఆ చోట్లను పట్టుకోలేకపోయాయి. జీడిపిక్కలు కాల్చే పొగ, జాతీయ రహదారి దుమ్ము, టెక్కలి వైపు గ్రానైటు క్వారీల పొడి కలిసే ఈ ప్రాంతంలో ప్రతి ఊళ్ళోనూ కొబ్బరి మాను ఉంది గనుక ఇటువంటి పరిశీలనకు నమూనాల కొరత ఉండదు.

పరిశీలనకు కావలసిన సామగ్రి స్వల్పం. పదింతలు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, నీళ్ళు చిమ్మే సీసా, చిన్న కత్తి, పాత కాగితపు కవర్లు చాలు. ఎండిన మాస్‌ను చూస్తే పేరు తేలదు కాబట్టి ముందుగా నీళ్ళు చిలకరించి ఆకులు విచ్చుకునేదాకా ఆగాలి. గోరంత మెత్త మాత్రమే తీసి, ప్లాస్టిక్ సంచిలో వేస్తే బూజు పడుతుంది కనుక కాగితపు కవరులోనే వేసి నీడలో ఆరబెట్టాలి. పూల మొక్కల్లా బరువు పెట్టి నొక్కనక్కర లేదు, ఏళ్ళ తరవాత తడిపినా ఆకులు మళ్ళీ విచ్చుకుంటాయి. కవరు మీద ఊరు, తేదీ, గోడదా మానుదా నేలదా, సున్నమా సిమెంటా, ఎండా నీడా అన్నవి రాయకపోతే ఆ నమూనాకు విలువ ఉండదు. పూల మొక్కలకు శ్రావణ భాద్రపదాలు అనువైన నెలలైతే, మాస్‌లకు అక్టోబరు వానలు వెనకబట్టిన తరవాత, గుళికలు కనిపించే కార్తీకం నుంచి పుష్యం దాకా మంచి కాలం. గోడలకు సంక్రాంతి సున్నాలు వేయక ముందే ఆ పని ముగించుకోవాలి.